రేవులో లేని జలాంతర్గామి

మదనపల్లె సీటీఎం రోడ్డులో శివకుమార్‌కు బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. కిందంతా రాగి తీగ, వార్నిషు వాసన, విప్పిపెట్టిన పంపులు. పైన మేడగదిలో ఆయన భార్య మాధవీలత కూర్చుని, చైనావాళ్ల అణు జలాంతర్గాముల్లో ఏవి రేవులో ఉన్నాయో, ఏవి బయటికి వెళ్లాయో చూస్తుంటుంది.

ఇందులో దాచాల్సిందేమీ లేదు. ప్రైవేటు ఉపగ్రహాలు తీసిన చిత్రాలు బజార్లో సరుకులాగా దొరికే కాలం ఇది. అయినా శివకుమార్ మాత్రం, మీ ఇంట్లోవాళ్లు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ పనప్పా" అని సరిపెడతాడు. ఒక్కసారి నిజం చెప్పి చూశాడు. కురబలకోట నుంచి మోటారు తెచ్చిన రంగప్ప అనే రైతు అంతా విని, "సైనావాళ్ల సబ్‌మెరైనా? మదనపల్లిలో కూసోనా? మా పక్క వెయ్యడుగులు దించినా బోర్లో తడి లేదు, మీకు సముద్రం యాడ కనపడిందప్పా!" అని షాపులో ఉన్నవాళ్లందరినీ నవ్వించాడు. ఆ తర్వాత శివకుమార్ ఆ సాహసం చేయలేదు.

మాధవీలత పుట్టింది సోమల దగ్గర పల్లెలో. నాన్న ఆదినారాయణ టమాటా, మల్బరీ వేసే రైతు. పట్టుపురుగుల షెడ్డు మాత్రం అమ్మ యశోదమ్మ చేతికిందే నడుస్తుంది. తమ్ముడు మనోజ్ ఆమెకంటే చాలా చిన్నవాడు. వాణ్ణి చంకనేసుకుని పొలాల గట్లమీద తిప్పిందీ, పలకమీద అక్షరాలు దిద్దించిందీ ఆమే. పెళ్లికి ముందు కుప్పంలో, పెళ్లయ్యాక మదనపల్లెలో ప్రైవేటు స్కూళ్లలో సోషల్ చెప్పింది. మ్యాపు గోడకు తగిలించందే ఆమె పాఠం మొదలయ్యేది కాదు.

కరోనా వచ్చి స్కూలు మూతపడింది. ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, కుప్పంలో ఆమెతోపాటు లెక్కలు చెప్పిన మురళీధర్ ఫోన్ చేశాడు. అతను అప్పటికే ఉద్యోగం మాని బెంగళూరులో చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ మండలంలో ఎంత టమాటా వేశారో అంచనా కట్టి వ్యాపారులకు చెప్పడం వాళ్ల పని.

"మీకు మ్యాపుల పిచ్చి కదా మేడమ్. ఇది నేర్చుకోండి. ఇంట్లో కూర్చునే చేయొచ్చు" అన్నాడు.

ఆమె నేర్చుకుంది. పైనుంచి చూస్తే టమాటా తోటా బీన్స్ తోటా ఒక్కలాగే ఉంటాయి. కట్టెల వరుసలు, వాటి నీడలు, తోటలోకి బండి వచ్చే దారి, ఇలాంటివాటిని బట్టి తేడా పట్టాలి. మొదట్లో పెద్దమండ్యం పక్కన ఉన్న ఒక మల్బరీ తోటను టమాటా అని రాసి, వాళ్ల నాన్న చేత తిట్లు తింది. క్రమంగా కన్ను కుదిరింది.

రెండేళ్ల తర్వాత కంపెనీకి కొత్త పని వచ్చింది. విదేశీ వ్యవహారాల మీద పత్రిక నడిపే ఢిల్లీ సంస్థ ఒకటి, చైనా నౌకాస్థావరాలను క్రమంగా గమనించి నెలనెలా నివేదిక ఇవ్వమంది. మురళీధర్ ఆ చిత్రాలను మాధవీలతకు పంపాడు. మొదటి రోజు ఆమెకు కనిపించింది నీలంగా నీళ్లు, కాంక్రీటు గట్లు, గట్లకు ఆనుకుని నల్లటి కడ్డీలు.

నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామి ఉపగ్రహానికి కనపడదు. నడిసముద్రంలో దాని జాడ తీయాలంటే చెవి పెట్టి వినాలి. అది నావికాదళాలవాళ్ల విద్య. మాధవీలతకు దక్కేది అది ఒడ్డుకు వచ్చి కట్టేసి ఉన్నప్పటి చూపు మాత్రమే. హైనాన్ దీవి దక్షిణపు కొసలో అలాంటి స్థావరం ఉంది. కొండలోకి సొరంగం కూడా తవ్వారు. అక్కడ గట్లకు ఆనుకుని ఉన్న నల్లకడ్డీల పొడవు కొలవాలి. వీపు మీద గూని ఉంటే అది అణు క్షిపణులు మోసేది. గూని లేకుండా కాస్త పొట్టిగా ఉంటే ఇతర ఓడల వెంటపడి వేటాడేది. సగం రోజులు మబ్బులే. మబ్బు లేని రోజు చిత్రం దొరికితే ఆమెకు పండగ.

వేటాడే వాటిలో ఒకదాన్ని ఆమె ఇట్టే గుర్తుపట్టేది. శబ్దం బయటికి పొక్కకుండా జలాంతర్గాముల ఒంటికి రబ్బరు పలకలు అతికిస్తారు. దీనికి తోక దగ్గర కొన్ని పలకలు ఊడిపోయి, అక్కడ లేతరంగు మచ్చ పడింది. నివేదికలో దానికో నంబరు ఉండేది కానీ, మనసులో మాత్రం మాధవీలత దాన్ని 'బొల్లి' అని పిలుచుకుంది. వాళ్లింట్లో ఒకప్పుడు మొహం మీద తెల్లమచ్చ ఉన్న ఆవుకు అదే పేరు.

బొల్లి వెళ్లేది, వచ్చేది. వచ్చిన రోజు గట్టు మీద బస్సులు వరుసగా నిలబడి ఉండేవి. అవి ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపలున్నవాళ్లను ఇళ్లకు తీసుకెళ్లడానికి. అంత ఎత్తునుంచి మనుషులు కనపడరు గానీ, ఆ బస్సులను చూసినప్పుడు మాత్రం ఆమె కొలతలు ఆపి కాసేపు ఊరికే చూసేది.

అలా చూడటానికి కారణం ఉంది. మనోజ్ ఇంటర్ అయ్యాక నేవీలో చేరాడు. తర్వాత జలాంతర్గాముల విభాగానికి ఎంపికయ్యాడు. చెన్నైలో ఒక్కసారి తప్ప సముద్రం చూడని కుటుంబం వాళ్లది. మొదటిసారి డ్యూటీకి వెళ్లేముందు వాడు అక్కకు చెప్పింది ఇంతే: "అక్కా, ఫోన్ రాకుంటే పనిలో ఉండానని అనుకోండి. యాడుండావని మాత్రం అడగద్దండి."

యశోదమ్మకు ఆ మాట ఎక్కలేదు. కూతురు చేసే పనేమిటో తెలిశాక అసలే ఎక్కలేదు.

"ఏమ్మా, సైనావాళ్లవన్నీ కనపడతాయంటావే, మీ తమ్ముడుండేది కనపడదా? ఒక్క తూరి సూడమ్మా" అంది ఒకరోజు, పురుగులకు ఆకు వేస్తూ.

"మనవాళ్లవి మేము సూడమమ్మా. సూడకూడదు."

"యాల సూడకూడదు? వాడేమన్నా పరాయోడా?"

"నాకు కనపడితే ఇంకొకరికీ కనపడతాడు కదమ్మా."

యశోదమ్మ ఇంకో గుప్పెడు ఆకు చల్లింది. "అదీ నిజమేలే" అంది. కానీ ఆ తర్వాత కూడా ఫోన్ చేసినప్పుడల్లా మాటల చివర్లో, "ఏమన్నా తెలిసిందా?" అని అడగడం మానలేదు.

పోయిన ఏడాది మామిడి పూతకొచ్చే రోజుల్లో బొల్లి రేవు వదిలింది. మామూలుగా తిరిగొచ్చే గడువు దాటిపోయింది. రాలేదు. అదే సమయంలో మనోజ్ ఫోన్ కూడా ఆగిపోయింది. ఈ రెండింటికీ సంబంధం లేదని మాధవీలతకు తెలుసు. అయినా పొద్దున్నే మేడగదిలో కంప్యూటర్ తెరిచి ఖాళీ గట్టును చూసినప్పుడు, ఆమెకు ముందు గుర్తొచ్చేది తమ్ముడే.

అప్పుడు పుకారు పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చైనా అణు జలాంతర్గామి ఒకటి ప్రమాదంలో మునిగిపోయిందనీ, లోపలున్నవాళ్లెవరూ బతకలేదనీ ఇంటర్నెట్‌లో రాశారు. ఒకరిది చూసి మరొకరు రాశారు. ఢిల్లీ పత్రికవాళ్లు మురళీధర్‌కు ఫోన్ చేశారు. మురళీధర్ మాధవీలతకు చేశాడు.

"మేడమ్, ఆ మచ్చ ఉన్నది ఇంకా రాలేదు కదా?"

"రాలా సార్."

"అయితే ఒక్క వాక్యం చాలు. 'కొన్ని నెలలుగా రేవులో కనపడలేదు' అని. అబద్ధమేం కాదు కదా."

"అబద్ధం కాదు సార్. కానీ ఈ పూట ఆ మాట రాస్తే మునిగిపోయిందనే అర్థం తీస్తారు."

"చదివేవాళ్లు ఎట్ల అర్థం చేసుకుంటే దానికి మనమేం చేస్తాం?"

"ఎట్ల అర్థం చేసుకుంటారో మనకు ముందే తెలుసు కదా సార్."

మురళీధర్ చెడ్డవాడు కాదు. అవతలి వాళ్ల తొందర అతని గొంతులో వినిపిస్తోంది, అంతే. చివరికి మాధవీలత ఆ వాక్యం రాసింది. దాని కిందే ఇంకో రెండు వాక్యాలు కలిపింది. కనపడకపోవడమంటే మునిగిపోవడం కాదని, సొరంగంలో ఉండొచ్చు, వేరే రేవుకు వెళ్లి ఉండొచ్చు, ఇంకా సముద్రంలోనే ఉండొచ్చు అని. మురళీధర్ మొత్తం నివేదికను ఉన్నదున్నట్టు పంపాడు. పత్రికవాళ్లు మొదటి వాక్యం ఉంచుకుని మిగతావి తీసేశారు.

మరుసటి రోజుకల్లా అది టీవీల్లోకి ఎక్కింది. "ఉపగ్రహ చిత్రాలు కూడా ధ్రువీకరించాయి" అని ఒక తెలుగు చానెల్లో అమ్మాయి ఉత్సాహంగా చదివింది. కింద షాపులో టీవీ చూస్తున్నవాళ్లెవరో చప్పట్లు కొట్టారు. మాధవీలత మెట్లమీదే నిలబడి వింది. తను రాసిన మాటే, తన నోటినుంచి ఎన్నడూ రాని అర్థంతో, తన ఇంటి కిందే మోగుతోంది.

అంతలో ఫోన్ మోగింది. యశోదమ్మ.

"మాధవీ... సబ్‌మెరైన్ మునిగిపోయిందంట. టీవీలో చెప్తాండారు. అందురూ పోయినారంటమ్మా..."

"అమ్మా, అమ్మా, ఆగు. మనది కాదు. సైనావాళ్లది. అదీ నిజం కాదు. విన్నావా? మనోజ్‌ది కాదు."

ఫోన్ నాన్న చేతికి మారింది. "అమ్మ కూలబడిపోయిందమ్మా. నువ్వు ఒకసారి రా" అన్నాడు ఆదినారాయణ.

శివకుమార్ షాపు మూసి బండి తీశాడు. పుంగనూరు దాటి సోమల వైపు తిరిగారు. ఇంటికి చేరేసరికి యశోదమ్మ లేచి కూర్చుని ఉంది. మొహం కడుక్కుంది. మధ్యాహ్నం ఆకు వేయలేదని పురుగుల గురించి కంగారు పడుతోంది. కూతుర్ని చూసి నవ్వబోయి ఏడ్చింది.

"మనది కాదని మళ్లీ చెప్పు" అంది.

మాధవీలత మళ్లీ చెప్పింది.

యశోదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి షెడ్డులోకి నడిచింది. వెనకే కూతురూ వెళ్లింది. ఇద్దరూ తట్టల మీద ఆకు పరుస్తున్నారు. వేలాది పురుగులు ఆకు కొరికే చప్పుడు వానజల్లులా ఉంది. కాసేపటికి యశోదమ్మ చెయ్యి ఆపకుండానే అడిగింది.

"అట్ల జరిగితే ఇండ్లల్లో వాళ్లకు ఎవురు చెప్తారు? ఫోన్ చేస్తారా, మనిషిని పంపిస్తారా?"

"ఎవరికమ్మా? సైనావాళ్లకా?"

"వాళ్లకే. ఎవురికైనా."

మాధవీలత ఇంకో తట్టలోకి ఆకు తీసుకుంది. ఎన్ని నెలలుగానో ఆ గట్లను చూస్తోంది. బస్సులు ఎప్పుడొస్తాయో చెప్పగలదు. బస్సులు రాని ఇంటికి కబురు ఎలా వెళుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. "తెలీదమ్మా" అంది.

"నువ్వు చెప్పిందే టీవీలో చెప్పినారా?" అని అడిగింది తల్లి. అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"నేను చెప్పింది సగమే చెప్పినారు."

"అయితే మిగిలిన సగం నువ్వే కనుక్కో."

మదనపల్లెకు తిరిగొచ్చాక మాధవీలత చేసింది అదే. పత్రిక అడిగింది దక్షిణపు స్థావరం గురించే. మిగతా రేవులను చూడటం ఆమె పని కాదు. అయినా చూస్తానని మురళీధర్‌తో చెప్పింది. అతను కూడా ఆ వార్త వచ్చినప్పటినుంచి నిద్రపోయినట్టు లేడు. "మా అబ్బాయి స్కూల్లో టీచరు ఆ వార్త చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించిందంట మేడమ్. వాడొచ్చి నాకు గొప్పగా చెప్పినాడు. ఏమనాలో తెలీలేదు. మీకు ఏ చిత్రాలు కావాలంటే అవి తీసుకోండి" అన్నాడు.

తీరం పొడవునా పైకి వెతుక్కుంటూ పోయింది. రేవుల్లో వాణిజ్య ఓడలు, చేపల పడవలు, యుద్ధనౌకలు. ఉత్తరాన మబ్బులు తక్కువ గానీ పొగమంచు ఎక్కువ. ఆమె కంప్యూటర్ ముందు నుంచి లేవకపోతే శివకుమారే పైకి అన్నం తెచ్చిపెట్టేవాడు. అతను వెనక నిలబడి చూసేవాడు గానీ అతనికి అన్నీ నల్లకడ్డీలే.

చివరికి ఉత్తరాన ఓడలు బాగుచేసే ఒక యార్డులో, ఓడను నిలబెట్టి బాగుచేయడానికి నీళ్లు తోడేసిన డాకులో, పెద్ద పెద్ద పరదాల కింద ఏదో కనిపించింది. తలా నడుమూ కప్పేసి ఉన్నాయి. తోక మాత్రం బయట ఉంది. ఆమె చిత్రాన్ని పెద్దది చేసింది. పెద్దది చేసేకొద్దీ అంతా చదరపు ముక్కలుగా విడిపోయింది. మళ్లీ చిన్నది చేసింది. తోక పక్కన లేతగా ఏదో ఉంది. మచ్చ కావచ్చు. ఎండ పడిన చోటు కావచ్చు. ఆ రోజుకు ఆపేసి కిందికి దిగింది.

తర్వాతి చిత్రంలో నీడ దిశ మారింది. లేతరంగు మాత్రం ఉన్నచోటే ఉంది. ఎండ కాదు. కొలత సరిపోయింది. అయినా ఆమె నివేదికలో 'అదే' అని రాయలేదు, 'అదే అయ్యుండే అవకాశం ఎక్కువ' అని రాసింది. రాసి, కిందికి వెళ్లి, కాయిల్ చుడుతున్న మొగుడితో చెప్పింది.

"బొల్లి బతికే ఉండాది. రిపేరుకు పోయింది."

శివకుమార్ తల ఎత్తి ఆమె మొహం చూశాడు. "ఏడుస్తాండావా? శత్రువులది కదే అది!"

"తెలుసు."

తెలుసు కాబట్టే ఆమెకు ఆ రోజంతా నెమ్మది లేదు. బాగైపోయి, నిశ్శబ్దంగా మారి, ఆ జలాంతర్గామి రేపు ఏ సముద్రంలో ఎవరి వెంట పడుతుందో ఎవరికి తెలుసు? అది వెంటపడే వాటిలో మనోజ్ ఉన్నదీ ఉండొచ్చు. అలాంటిది బతికి ఉందని సంతోషపడటం తప్పా? పోనీ అది మునిగిపోయి ఉంటే బాగుండేదని అనుకోగలదా? మనసును ఎంత గట్టిగా నొక్కి అడిగినా ఆ రెండో మాట రాలేదు. చప్పట్లు కొట్టినవాళ్ల మీద కోపం కూడా రాలేదు. వాళ్లు గట్టు మీద బస్సులను చూడలేదు, అంతే.

మురళీధర్ పత్రికవాళ్లతో గట్టిగా మాట్లాడాడు. వాళ్లు లోపలి పేజీలో చిన్న సవరణ వేశారు. టీవీవాళ్లు ఆ ఊసే ఎత్తలేదు, అప్పటికి వాళ్లకు వేరే వార్త దొరికింది. మురళీధర్ కొత్త షరతు పెట్టాడు. నివేదిక వేస్తే మొత్తం వేయాలి, లేదంటే కంపెనీ పేరు వాడకూడదు. పత్రిక ఒప్పుకుంది, కొంత గొణుక్కుని.

కొన్నాళ్లకు యార్డులో పరదాలు తీసేశారు. కొత్త పలకలు అతికించిన ఒళ్లు తలనుంచి తోకదాకా ఒకే నలుపు. మచ్చ లేదు. ఆ తర్వాత డాకులో నీళ్లు నింపారు, గట్టుకు తెచ్చి కట్టారు, ఒకరోజు గట్టు ఖాళీ అయింది. దక్షిణపు రేవులో దాని తోటివి రెండు మూడు వచ్చి ఆగుతున్నాయి. వాటిలో బొల్లి ఏదో ఇప్పుడు మాధవీలత చెప్పలేకపోతోంది. కొలతలన్నీ ఒకటే. నివేదికలో ఆ నంబరు ఎదురుగా 'గుర్తించడం సాధ్యం కాదు' అని రాసి, పనిలో పడిపోయింది.

మనోజ్ టమాటా కోతల రోజుల్లో సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు, తెల్లబడ్డాడు. ఇన్నాళ్లు ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు. యశోదమ్మ ఎదురుగా కూర్చుని, వాడు రాగిముద్ద తింటున్నంతసేపూ చూస్తూనే ఉంది. టీవీ సంగతి మాత్రం ఒక్క మాటా ఎత్తలేదు. ఎత్తద్దని మొగుడికీ ముందే చెప్పిపెట్టింది.

ఆ సెలవులోనే పుంగనూరులో సంబంధం చూశారు. పిల్ల పేరు శ్రుతి. బజారు వీధిలో వాళ్లకు విత్తనాల అంగడి ఉంది. డిగ్రీ అయ్యాక అంగడి సగం ఆమే చూసుకుంటోంది. పెద్దలు ముందు గదిలో మాట్లాడుకుంటుంటే శ్రుతి మాధవీలతను పెరట్లోకి పిలిచింది.

"మీరు సబ్‌మెరైన్లు సూస్తారంట కదా? అబద్ధం చెప్పద్దండి. ఆయన పోయినప్పుడు మీకు కనపడతాడా?"

"కనపడడు."

"అసలు ఏమీ తెలీదా? ఆరోగ్యంగా ఉండాడా, ఎప్పుడొస్తాడా, ఏమీ?"

"ఏమీ తెలీదు. నాకే కాదు, ఎవురికీ తెలీకూడదు. ఎవురికీ కనపడకుండా ఉంటేనే వాడు క్షేమంగా ఉండాడని లెక్క" అంది మాధవీలత. ఈ పిల్లకు తీపిమాటలు చెప్పకూడదనుకుని, "కష్టం శ్రుతీ. మా అమ్మను సూస్తాండా కదా. ఫోన్ రాని రోజులు చానా పొడుగు. ఒప్పుకునే ముందు బాగా ఆలోచన చేసుకో" అంది.

శ్రుతి గోడ మీద ఆరేసిన గోనెసంచులను ఒక్కొక్కటే మడతపెట్టింది. లోపలినుంచి ఎవరో కాఫీ చల్లారిపోతోందని కేక వేశారు.

"మా నాయన వయసులో ఉన్నప్పుడు లారీ తోలినాడు" అంది చివరికి. "అప్పుడు సెల్‌ఫోన్లు యాడుండాయి? మా అవ్వ దినామూ ఒకరికి ఎక్కువే వండేదంట. రాకుంటే పొద్దున సద్ది అయ్యేది." సంచుల దొంతర చంకన పెట్టుకుని నవ్వింది. "నాకు వంట రాదు వదినా. అంగడి చూసుకోవడం వచ్చు. ఆయన లేనప్పుడు మీ అమ్మ పురుగుల షెడ్డు నేర్పిస్తాదా?"

వదినా అన్న పిలుపు మాధవీలతకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"నేర్పిస్తాది" అంది. "తిట్టి నేర్పిస్తాది."

ఇద్దరూ లోపలికి వెళ్లారు.